సిండర్ లేన్‌లో మంచు కరిగిన ఏడాది

మా మిల్లులో మగ్గాలు నడుస్తున్నప్పుడు పక్కన పిడుగు పడినా వినపడదు. అందుకని నేతపని ఆడవాళ్లమంతా పెదవుల కదలిక చూసి మాట్లాడుకునేవాళ్లం. ఆ డిసెంబరులో ఒక సోమవారం మధ్యాహ్నం, ఆఫీసు గదిలో రేడియో విన్న అమ్మాయి తలుపు దగ్గరికి పరిగెత్తుకొచ్చి, నోరు పెద్దగా తెరిచి ఏదో చెప్పింది. ఆ మాట ఒక మగ్గం నుంచి ఇంకో మగ్గానికి పాకుతూ నా దాకా వచ్చింది. నా పక్క మగ్గం మీద పనిచేసే ఎల్సీ కళ్లు ఇంతింత చేసుకుని, "వెస్ట్‌బరో! మన గ్రౌండులోనే! మీ అన్న మీద మీ తమ్ముడు!" అంది.

నా మగ్గం మీద దారాలు తెగిపోతున్నా చూసుకోకుండా అలాగే నిలబడిపోయాను.

కప్పు పోటీలో మూడో రౌండు వచ్చేసరికి ఎవరు ఎవరితో ఆడాలో తేల్చే చీట్ల సంచిలోకి పెద్ద క్లబ్బులు కూడా వస్తాయి. మాలాంటి చిన్న ఊరి క్లబ్బు పేరు పక్కన ఏ గొప్ప క్లబ్బు పేరు వస్తుందా అని ఊరంతా రేడియో ముందు కూర్చునేది అందుకే. ఆ రోజు హాడెన్‌షా టౌన్ పేరు పక్కన వెస్ట్‌బరో యునైటెడ్ పేరు వచ్చింది. ఊరు ఊరంతా ఎగిరి గంతేసింది. మా ఇంట్లో మాత్రం అమ్మ కెటిల్ పొయ్యి మీద పెట్టి, అది కూతపెడుతున్నా దించడం మరిచిపోయింది.

మా అన్నయ్య సిరిల్ క్లెగ్ హాడెన్‌షా టౌన్ కెప్టెన్. సెంటర్ హాఫ్, అంటే గోలు ముందు గోడలా నిలబడే మనిషి. నాలుగో డివిజన్ క్లబ్బు ఇచ్చే జీతం చాలక పొద్దున బొగ్గు లారీ మీద బస్తాలు మోసేవాడు, సాయంత్రం ప్రాక్టీసుకు వెళ్లేవాడు. తమ్ముడు రాయ్ కూడా ఇక్కడే మొదలుపెట్టాడు. వాడి కాళ్లలో ఏదో ఉందని అందరికీ ముందే తెలుసు. మీసాలు రాకముందే వెస్ట్‌బరో వాళ్లు వచ్చి కొనుక్కుపోయారు. అప్పటినుంచీ వాడు అన్నిటికంటే పైనున్న మొదటి డివిజన్లో గోల్స్ కొడుతున్నాడు, పేపర్లలో ఫొటోలు పడుతున్నాయి.

ఇద్దరికీ మాటల్లేవు. నాన్న పోయిన దగ్గర్నుంచి.

నాన్న మిల్లులో దూది ఏకే గదిలో పనిచేశాడు. ఆ దుమ్మే ఊపిరితిత్తుల్లో పేరుకుని మనిషిని తీసుకుపోయింది. అంత్యక్రియలు శనివారం పడ్డాయి. అన్నయ్య ఆ రోజు టౌన్ మ్యాచ్ మానుకుని శవపేటికకు భుజం పట్టాడు. రాయ్ రాలేదు. ఎక్కడో దేశం ఆ చివర మ్యాచ్ ఆడాడు, గోలు కూడా కొట్టాడు. చావిటిలో పట్టనంత పూలగుత్తి మాత్రం పంపాడు. తర్వాతి వారం వాడు వస్తే అన్నయ్య గుమ్మంలో అడ్డంగా నిలబడి, "మొయ్యడానికి మనుషులు దొరికార్లే. ఇప్పుడు నీతో పనిలేదు, పో," అన్నాడు. ఆ తర్వాత రాయ్ ఎప్పుడొచ్చినా అన్నయ్య ఊళ్లో లేని రోజు చూసుకుని, వెనక సందులోంచి దొంగలా వచ్చి అమ్మను చూసి పోయేవాడు. రెండు ఇళ్ల అవతలే అన్నయ్య కాపురం. వీధిలో అందరికీ తెలుసు, ఆ మాట ఎవరూ ఎత్తేవాళ్లు కాదు.

క్రిస్మస్ మర్నాడు మంచు పడటం మొదలైంది. పడింది పడినట్టే గడ్డకట్టింది. కుళాయిలు బిగుసుకుపోయాయి, పాలసీసాల మూతలు పైకి లేచి గడ్డకట్టిన పాలు మెడ బయటపెట్టాయి. మ్యాచ్ జనవరి మొదటి శనివారం అన్నారు, జరగలేదు. వాయిదా వేశారు, మళ్లీ జరగలేదు. సిండర్ లేన్ గ్రౌండు చూసే ముసలి నటాల్ రోజూ పొద్దున్నే వెళ్లి మైదానాన్ని బూటు మడమతో తన్ని, "ఇది గడ్డి కాదు, సమాధి రాయి," అని గొణుక్కుంటూ వచ్చేవాడు.

క్లబ్బు మేనేజరు ప్లాట్‌గారికి ఒక ఆలోచన వచ్చింది. పెద్ద పెద్ద ఇనప కుంపట్లు తెచ్చి మైదానం అంతటా పెట్టి మంచు కరిగిద్దామని. బొగ్గు సంగతి సిరిల్ చూసుకుంటాడని. అన్నయ్య లారీ నిండా బొగ్గు వేసుకుని గ్రౌండు వైపు తిప్పబోతుంటే, అమ్మ శాలువా కప్పుకుని వీధి మధ్యకు వచ్చి లారీకి అడ్డం నిలబడింది.

"ఎక్కడికిరా ఈ బొగ్గు?"

"గ్రౌండుకమ్మా. కాస్త నేల కరిగితే..."

"అవతల మిసెస్ టాటర్సల్ కోటు, టోపీ వేసుకుని మంచంలో పడుకుంటోంది, పొయ్యిలోకి బొగ్గు లేక. నువ్వు గడ్డికి చలి కాయిస్తావా? గడ్డి నిన్ను అడిగిందా?"

"అమ్మా, కప్పు మ్యాచ్ అమ్మా..."

"కప్పు ఎక్కడికీ పోదు. ముసలాళ్లు పోతారు. తిప్పు లారీ."

వీధిలో వాళ్లంతా గుమ్మాల్లోకి వచ్చి చూస్తున్నారు. కొండలాంటి సెంటర్ హాఫ్ చెవులు ఎర్రబడిపోయి, లారీ వెనక్కి తిప్పి, ఇంటింటికీ బొగ్గు దించాడు. కుంపట్లలోకి మిల్లు వెనక పడున్న విరిగిన మగ్గాల చెక్కలు సరిపెట్టారు. వాటి వల్ల మంచు ఏమంత కరగలేదు గానీ, పారలు పట్టుకుని వచ్చినవాళ్లకు చేతులు కాచుకోవడానికి పనికొచ్చాయి.

నెలాఖరున ఒక శనివారం కాస్త ఎండ వచ్చింది. మ్యాచ్ జరుగుతుందని నమ్మి వెస్ట్‌బరో వాళ్లు బస్సులో బయల్దేరి వచ్చేశారు. రిఫరీ బంతి తీసుకెళ్లి మైదానం మధ్యలో వదిలితే, అది రాతి మీద పడ్డట్టు ఆయన తల దాటి ఎగిరింది. ఆయన చేతులు అడ్డంగా ఊపేసి టీ తాగడానికి పోయాడు. ఈలోగా మళ్లీ మంచు కురిసి కొండ దారి మూసుకుపోయింది. రైళ్లూ ఆగిపోయాయి. దేశమంతా పేరున్న ఆటగాళ్లు మా ఊళ్లో చిక్కుబడిపోయారు. ఊరికి ఉన్నది ఒక్క హోటలు, అందులో ఉన్నవి నాలుగు గదులు. మిగతావాళ్లను ఊరివాళ్లే తలా ఒకరిని పంచుకుని ఇళ్లకు తీసుకుపోయారు. కసాయి వార్డిల్ ఇంట్లో వెస్ట్‌బరో కెప్టెన్, పోస్టాఫీసు వెనకింట్లో వాళ్ల ఎడమ అంచున ఆడే లెఫ్ట్ వింగరు.

మా ఇంటికి రాయ్ వచ్చాడు, ఈసారి ముందు గుమ్మంలోంచి. వాడి వెంట వాళ్ల గోల్‌కీపర్ నార్మన్ కూడా. ఆ మనిషి తల వంచితే తప్ప మా తలుపులో పట్టలేదు. నా మంచం అతనికిచ్చి నేను అమ్మ పక్కన పడుకున్నాను. అతని పాదాలు మంచం దాటి కిటికీ దాకా వచ్చాయి.

ఆదివారం మధ్యాహ్నం భోజనానికి అన్నయ్యని, వదిన డోరీన్‌ని రమ్మని అమ్మ కబురు పంపింది. వదిన ఒక్కతే వచ్చింది.

"ఆయనకి తలనొప్పిగా ఉందట," అంది వదిన, ఎవరి మొహం చూడకుండా.

"వాడి తలకి నొప్పేమిటి? దానితో బంతులు కొట్టీ కొట్టీ ఎప్పుడో మొద్దుబారింది," అంది అమ్మ. రాయ్ నవ్వబోయి మానేశాడు. నార్మన్ మాత్రం వినపడనట్టు మూడోసారి బంగాళాదుంపలు వడ్డించుకున్నాడు.

సోమవారం పొద్దున ఊరంతా మళ్లీ సిండర్ లేన్‌లో చేరింది. బుధవారానికైనా మైదానం తయారు చెయ్యాలని మంచు ఎత్తిపోస్తున్నారు. మిల్లులో నీటి గొట్టాలు పగిలి పని ఆగిపోవడంతో మేమూ వెళ్లాం. అన్నయ్య గోలు దగ్గర పార పట్టుకుని ఉన్నాడు. ఇంతలో రాయ్ తన మంచి ఓవర్‌కోటు కంచె మీద వేసి, నటాల్ దగ్గర పార తీసుకుని అన్నయ్య పక్కనే వచ్చి మొదలుపెట్టాడు. చుట్టుపక్కల పారలన్నీ నెమ్మదించాయి.

"చూశారా, ఫస్ట్ డివిజన్ కూలీ!" అని ఎవరో అరిచారు.

"మన మీద గోలు కొట్టడానికి దారి వాడే చేసుకుంటున్నాడర్రా!"

"రాయ్, మా వాకిలి కూడా ఉంది, మర్చిపోకు!"

రాయ్ నవ్వుతూ చెయ్యి ఊపాడు. అన్నయ్య తలెత్తలేదు. చాలాసేపు ఇద్దరూ ఒకరి పక్కన ఒకరు పారలు వేస్తూనే ఉన్నారు. చివరికి అన్నయ్యే అన్నాడు, మంచుతో చెప్పినట్టు.

"నడుం విరుచుకుంటావు. మోకాళ్లు వంచు."

"వంచాను."

"అది వంచడం కాదు."

అప్పుడు రాయ్ పార ఆపి, దాని కర్ర మీద గడ్డం ఆనించి, "అన్నయ్యా, నాన్న దగ్గరికి తీసుకెళ్తావా? ఎక్కడ పెట్టారో నాకు తెలీదు," అన్నాడు.

అన్నయ్య కూడా ఆగాడు. వాడి మొహం వైపు కాకుండా వాడి కాళ్ల వైపు చూశాడు.

"ఆ బూట్లు మార్చుకో," అన్నాడు. "పట్నం బూట్లు. తడిసిపోతాయి."

ఇంటికొచ్చి రాయ్ నాన్న పాత బూట్లు వేసుకున్నాక, పారలు భుజాన వేసుకుని ఇద్దరూ బయల్దేరుతుంటే అమ్మ టీ ఫ్లాస్కు నా చేతిలో పెట్టింది.

"నువ్వూ వెళ్లవే మావిస్. వీళ్లిద్దర్నీ పారలిచ్చి పంపితే ఒక్కడే తిరిగొస్తాడు."

శ్మశానం ఊరి పైన కొండవాలులో ఉంది. అక్కడ మంచు రాళ్ల మెడల దాకా ఉంది. కొన్ని రాళ్లయితే అసలు కనపడటంలేదు. "గోడ పక్క వరస. నాకు బాగా గుర్తు," అని అన్నయ్య తవ్వడం మొదలుపెట్టాడు. రాయ్ అటువైపు నుంచి తవ్వాడు. ఇద్దరి నోళ్లలోంచి ఆవిరి. రాయి బయటపడింది. అన్నయ్య టోపీతో తుడిచి వంగి చదివి, నిలువునా బిగుసుకుపోయాడు.

"ఏమైంది?" అన్నాడు రాయ్.

"ఎడిత్ హిండిల్."

"ఎవరు? చర్చిలో ఆదివారం బడి మిసెస్ హిండిలా?"

"ఆవిడే. క్షమించండి మేడమ్," అని అన్నయ్య నిజంగానే టోపీ ఛాతీకి ఆనించుకున్నాడు. "బతికున్నప్పుడే చెవి మెలేసి చంపేది. ఇప్పుడిలా నిద్ర లేపానంటే..."

రాయ్ పకాలున నవ్వాడు. నవ్వు ఆగలేదు. మంచులోనే కూలబడి కడుపు పట్టుకుని నవ్వాడు. అన్నయ్యకీ నవ్వొచ్చింది. నేను ఫ్లాస్కు కింద పెట్టేసి నవ్వాను. ఎప్పుడు మారిందో తెలీదు గానీ చూసేసరికి రాయ్ నవ్వడంలేదు. రెండు చేతుల్లో మొహం పెట్టుకుని ఏడుస్తున్నాడు.

"నాకు భయమేసిందిరా అన్నయ్యా," అన్నాడు. "మ్యాచ్ కోసం కాదు. క్లబ్బువాళ్లు వెళ్లమనే అన్నారు. ఆ పెట్టె చూడలేననిపించింది. మైదానంలో అయితే ఏం చెయ్యాలో తెలుసు. బంతి వస్తే కొట్టాలి. అక్కడ మీ మధ్య నిలబడి ఏం చెయ్యాలో తెలీలేదు."

అన్నయ్య పారను మంచులో గుచ్చాడు. కొండ కింద ఊరి పొగగొట్టాలు కనపడుతున్నాయి.

"నాకు మాత్రం తెలుసా?" అన్నాడు. "భుజం మీద పెట్టారు, నడిచాను. అంతే." వాడికి చెయ్యి అందించి పైకి లేపాడు. "రా. ఈ పక్క రాయే అయుంటుంది. అది కూడా కాకపోతే గోడ దాకా మొత్తం తవ్వుతావు."

పక్క రాయే నాన్నది. ఇద్దరూ కలిసి శుభ్రంగా మట్టి కనపడేదాకా తవ్వారు. రాయ్ చేతి తొడుగు తీసేసి నాన్న పేరు అక్షరాల్లో ఇరుక్కున్న మంచును గోళ్లతో తీశాడు. ఫ్లాస్కు మూతలో టీ పోసి ఇస్తే ముగ్గురం వంతులవారీగా తాగాం.

"ఆ రోజు ఎలాంటి గోలురా అది?" అని అడిగాడు అన్నయ్య.

"మోకాలికి తగిలి పోయింది. నాకే తెలీదు ఎలా పోయిందో."

"పేపర్లో మాత్రం అద్భుతం అని రాశారు."

"పేపరువాళ్లకేం?"

ఆ సాయంత్రం అమ్మ పెద్ద మట్టి గిన్నె నిండా హాట్‌పాట్ చేసింది. అడుగున మాంసం, ఉల్లిపాయలు, పైన బంగాళాదుంప చక్రాలు ఎర్రగా వేగి ఉన్నాయి. అన్నయ్య వదినతో వచ్చి నాన్న కుర్చీ పక్కనున్న తన పాత చోట్లో కూర్చున్నాడు. అమ్మ ఇద్దరి వైపూ ఒకసారి చూసింది. గరిట కొంచెం గట్టిగా గిన్నెకు కొట్టి, "నార్మన్, నువ్వు ఆఖర్న వడ్డించుకో నాయనా. మిగతావాళ్లకీ కాస్త దక్కాలి," అంది.

బుధవారం కూడా మ్యాచ్ జరగలేదు. దారి తెరవగానే వెస్ట్‌బరో వాళ్లు వెళ్లిపోయారు. ఫిబ్రవరి అంతా వాయిదాల్లోనే పోయింది. మార్చి వచ్చాక ఒక రాత్రి వాన మొదలై, తెల్లారేసరికి చూరులన్నీ కారుతున్నాయి. మంచు పోయింది, బురద మిగిలింది.

గ్రౌండులో దీపాలు లేవు కాబట్టి మ్యాచ్ బుధవారం మధ్యాహ్నం పెట్టారు. ఆ రోజు మిల్లులో సగం మందికి పంటినొప్పి వచ్చింది. పళ్ల డాక్టరు కూడా నా ముందు వరసలోనే నిలబడ్డాడు. అమ్మ జీవితంలో మొదటిసారి ఫుట్‌బాల్ మ్యాచ్‌కు వచ్చింది. గేటు దగ్గర రిబ్బన్లు అమ్మేవాడు, "ఏ రంగు తల్లీ, నీలమా ఎరుపా?" అంటే, "రెండు రంగులూ నేను కన్నవేరా. చలిగా ఉంది, దారి ఇయ్యి," అంది.

మొదటి గోలు మాదే. మా కుర్ర వింగరు కొట్టిన బంతి నెమ్మదిగా దొర్లుతూ పోతుంటే నార్మన్ దానికోసం పడుకున్నాడు. బంతి మధ్యలో ఒక నీళ్లగుంటలో ఆగిపోయింది. అతను దాన్ని దాటి జారిపోయాడు. మావాడు వెనకే వచ్చి మెల్లగా లోపలికి తోశాడు. గ్రౌండు దద్దరిల్లింది. "నేను పెట్టిన తిండి ఎక్కువైనట్టుంది వాడికి," అంది అమ్మ.

ఆట సగం కాకముందే వాళ్లు సమం చేశారు. అన్నయ్య కనుబొమ మీద ఎవరి మోచెయ్యో తగిలి నెత్తురు కారింది. అప్పట్లో ఒకరి బదులు ఇంకొకర్ని దించే పద్ధతి లేదు. తడి స్పాంజితో తుడిచి, తలకు గుడ్డ చుట్టి మళ్లీ పంపారు. ఆ తర్వాత రాయ్ ఎటు పోతే అటు ఆ తెల్లగుడ్డ. వాడు ఎడమకు తిరిగితే ఎడమకు, ఎగిరితే అంతకంటే పైకి. ఒకసారి వాడిని బంతితో సహా బురదలో బోర్లా పడేశాడు.

"సిరిల్! చిన్నవాడురా వాడు!" అని అరిచింది అమ్మ. మరు నిమిషంలో రాయ్ భుజంతో తోస్తే, "రాయ్! నెత్తురు కారుతుంటే ఆ తోపుడేమిటి, బుద్ధి లేదూ?" అని అరిచింది. చుట్టూ జనం పొట్టలు పట్టుకుని నవ్వారు.

ఆట ఇక అయిపోవస్తోంది. రెండు జట్లూ గుర్తుపట్టలేనంతగా బురదయిపోయాయి. వాళ్ల వెనక వరస నుంచి ఎవరో దూరంగా కొట్టిన బంతి వచ్చింది. రాయ్ గోలుకు వీపు పెట్టి నిలబడి ఉన్నాడు. అన్నయ్య వాడి వెన్నుకు అంటుకుని ఉన్నాడు. బంతి కాలి మీద పడుతుండగా రాయ్ ఎడమకు వెళ్లబోతున్నట్టు భుజం ఒక్కటి కదిపాడు, అంతే. అన్నయ్య అటు ఒరిగి బురదలో పడ్డాడు. రాయ్ ఇటు తిరిగి కొట్టాడు. బంతి మూలకు పోయి వలలో ఆగింది.

వెస్ట్‌బరో నుంచి వచ్చిన కొద్దిమంది గంతులేస్తున్నారు. మిగతా గ్రౌండంతా నిశ్శబ్దం. రాయ్ అక్కడే తల దించుకుని చేతులు వేలాడేసి నిలబడ్డాడు. అన్నయ్య బురదలోంచి లేచి వాడి దగ్గరికి నడిచాడు. ఇప్పుడేం జరుగుతుందోనని నేను అమ్మ చెయ్యి పట్టుకున్నాను.

"ఏంట్రా ఆ మొహం?" అన్నాడు అన్నయ్య. గోలు వెనక ఉన్న మాకు ప్రతి మాటా వినపడింది. "కప్పు మ్యాచ్‌లో గెలుపు గోలు కొట్టావు. మీవాళ్లు పనులు మానుకుని అంత దూరం నుంచి వచ్చారు. చెయ్యెత్తు."

"అన్నయ్యా..."

"ఎత్తమంటుంటే!" అని వాడి మణికట్టు పట్టుకుని తనే పైకి ఎత్తాడు.

ముందు ముసలి నటాల్ చప్పట్లు కొట్టాడు. తర్వాత కసాయి వార్డిల్. తర్వాత పక్కవాళ్లు, వాళ్ల పక్కవాళ్లు. ఓడిపోతున్న ఊరు, తమను ఓడించినవాడికి అలా చప్పట్లు కొట్టడం నేను మళ్లీ ఎప్పుడూ చూడలేదు. రాయ్ మొహంలో బురద తప్ప ఏమీ కనపడలేదు గానీ, పళ్లు మాత్రం తెల్లగా మెరిశాయి. అమ్మ కళ్లు తుడుచుకుని, "ఇక అయిపోయిందా? ఇద్దర్నీ ఇంటికి రమ్మను, ఆ బట్టలు నానబెట్టాలి," అంది.

వెస్ట్‌బరో వాళ్లు తర్వాతి రౌండులోనే ఓడిపోయారు. మేం నాలుగో డివిజన్లో కింది నుంచి లెక్కపెట్టే చోటే మిగిలాం. మే నెలలో అన్నయ్య ఆట మానేశాడు. బొగ్గు లారీ ఒక్కటే మిగిలింది. ఆదివారాల్లో రాయ్ వస్తే ఇద్దరూ కలిసి వీధి చివర పబ్బుకు వెళ్లి, తిరిగి వచ్చేటప్పుడు ఏదో ఒకదాని మీద పోట్లాడుకుంటూ వచ్చేవాళ్లు.

ఊళ్లో మాత్రం ఒక మాట పుట్టింది. సిరిల్ కావాలనే ఒరిగాడని, తమ్ముడికి దారి వదిలేశాడని. తప్పుపట్టి అన్నది కాదు, ముచ్చటపడే అనేవాళ్లు. ఎల్సీ కూడా మగ్గాల మధ్య పెదవులతో నన్ను అదే అడిగింది. ఉండబట్టలేక ఒకరోజు అన్నయ్య బస్తాలు దింపుతుంటే అడిగేశాను.

అన్నయ్య బస్తా దించి నా వైపు తిరిగాడు. మొహమంతా బొగ్గు, అందులో కనుబొమ మీద కుట్ల గుర్తు.

"నేనా? వాడికి దారి వదలడమా?" అన్నాడు. "నాకు తెలిసిందంతా ఉపయోగించానే మావిస్. వాడు ఎడమకే పోతాడని ప్రమాణం చేసి చెప్పేవాణ్ణి. ఒక్క భుజం కదిపి నన్ను గంపలా కూల్చేశాడు."

అని, ఆ భుజం ఎలా కదిపాడో వీధి మధ్యలో నిలబడి చేసి చూపించాడు. నాకు సరిగ్గా అర్థంకాలేదేమోనని ఇంకోసారి చూపించాడు. ఎదురింటి మిసెస్ టాటర్సల్ బయటికొస్తే ఆవిడకూ చూపించాడు.